చెంచాలు లెక్కపెట్టే ఇల్లు

టీ చెంచాలు ఆరు ఉండాలి. నాలుగే ఉన్నాయి. అమ్మ సొరుగు మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ లెక్కపెట్టింది.

"నువ్వు తీశావా?"

"నాకెందుకమ్మా చెంచాలు?"

"అదే. నీకెందుకు."

అంతకు మించి అనక్కర్లేదు. మా డండీ ఊళ్ళో, మా టవర్ లాంటి ఎత్తైన ఫ్లాట్ల మేడల్లో, హెరాయిన్ అలవాటున్న మనిషి ఇంట్లో ఉంటే ముందు మాయమయ్యేవి చెంచాలే. టీవీ ఆ తర్వాత పోతుంది. పొడి కరగబెట్టిన చెంచా అడుగు నల్లగా మాడిపోతుంది, దాన్ని మళ్ళీ సొరుగులో పెట్టలేరు. అందుకే మా టవర్ ఆడవాళ్ళు బీరువా కంటే చెంచాల సొరుగునే ఎక్కువ చూసుకుంటారు.

నోరీ మామ మా అమ్మకి తమ్ముడు. యాభై ఆరేళ్ళు. పంతొమ్మిదో ఏట మొదలుపెట్టి ఇరవై ఏడేళ్ళు వాడాడు. మానేసి పదేళ్ళయింది. రోజూ పొద్దున్నే మందుల షాపుకెళ్ళి, కౌంటర్ దగ్గరి అమ్మాయి చూస్తుండగా హెరాయిన్ మానినవాళ్ళకిచ్చే ఆకుపచ్చ మెథడోన్ సిరప్పు తాగి, మింగినట్టు రుజువుగా రెండు మాటలు మాట్లాడి వస్తాడు. రెండేళ్ళ కిందట అమ్మ అతన్ని ఇల్లు లేనివాళ్ళ హాస్టల్ నుంచి తెచ్చి మా చిన్న గది ఇచ్చింది. షరతు ఒక్కటే పెట్టింది. "మళ్ళీ వాడావని తెలిస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా. అబద్ధం చెప్పావని తెలిస్తే మాత్రం సంచి సర్దుకో."

మూడు వారాలుగా మామ ఒక హోటల్లో గిన్నెలు తోమే పనికి వెళ్తున్నానంటున్నాడు. ఈలలు వేసుకుంటూ ఇంటికొస్తున్నాడు. నాకది నచ్చలేదు. కాలేజీ రెండో ఏడు మానేశాక నేనూ ఆ పని చేశాను. గిన్నెలు తోమేవాడు ఈల వేయడు. వాడి వేళ్ళు ఉడికిన సాసేజీల్లా ఉబ్బి ఉంటాయి. మామ వేళ్ళు పొడిగా ఉన్నాయి.

"నువ్వెలాగూ ఖాళీయే కదా," అంది అమ్మ. "రేపు వాడి వెనకాల వెళ్ళు."

వెళ్ళాను. మామ మందుల షాపు నుంచి బయటికొచ్చి, మాంసం కూరిన పఫ్ లాంటి బ్రైడీ ఒకటి కొనుక్కుని, అందులోని మాంసం వేలితో తీసుకుని తింటూ కొండ ఎక్కాడు. హోటళ్ళన్నీ కిందకుంటాయి. పైన ఉన్నది కూల్చడానికి ఖాళీ చేయించిన పాత టవర్. ఒకప్పుడు మామ సరుకు కోసం నిలబడింది అక్కడే.

కానీ ఆ టవర్ ముందు మూడు లారీలు, దీపాలు, తాళ్ళలా పాకిన వైర్లు. సినిమా షూటింగ్! కాపలావాడు నన్నాపితే "నోరీ మేనల్లుణ్ణి" అన్నాను. "ఓ, ప్రొఫెసర్ గారి తాలూకా!" అని పంపేశాడు.

అయిదో అంతస్తులో ఒక ఫ్లాటు నిండా మనుషులు. గోడలకి ఒకమ్మాయి స్ప్రే డబ్బాతో మురికి రంగు కొడుతోంది. మధ్యలో మామ, ఎదురుగా హీరో కుర్రాడు, పక్కన లండన్ నుంచి వచ్చిన దర్శకురాలు ఇమొజెన్. అది కామెడీ సినిమా అట. మత్తుకు బానిసలైన నలుగురు, బోలెడన్ని జోకులు, ఒక చావు. నిజంలా ఉందా లేదా చెప్పడానికి మామని పెట్టుకున్నారు.

"ఈ మురికేంటమ్మా?" అంటున్నాడు మామ. "మా బాత్రూమ్ ఇలా ఉండేది కాదు. మా అక్క రోజూ బ్లీచ్ పోసేది."

"తెర మీద శుభ్రం పండదు నోరీ," అంది ఇమొజెన్.

"సరే. మరి వీళ్ళు ఊరికే పరిగెడతారేంటి? మేం ఎప్పుడు పరిగెత్తాం? నిలబడేవాళ్ళం. వానలో అయిదు గంటలు. 'వస్తున్నాడా? వస్తున్నాడట.' అంతే మా డైలాగు."

"అయిదు గంటలు నిలబడితే ప్రేక్షకులు లేచి వెళ్ళిపోతారు."

"మేమూ వెళ్ళిపోవాలనే అనుకునేవాళ్ళం. పోనీ, ఆ పొడి తెచ్చే మలబద్ధకం మీద ఒక్క జోకూ లేదేం? మేం నవ్వుకున్నదంతా దాని మీదేనే తల్లీ! వారానికోసారి పండగ!"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఇలాంటి సినిమాలు ఎన్నో చూశాను నేను, మంచం మీద చిప్స్ తింటూ. అప్పుడూ ఇలాగే నవ్వాను.

అప్పుడు బల్ల మీద చూశాను. మా చెంచాలు. పిడి మీద గీతలున్న, అమ్మ పెళ్ళినాటి రెండు చెంచాలు. వాళ్ళు తెచ్చినవి మరీ పెద్దవీ కొత్తవీ అని మామ ఇంట్లోవి పట్టుకొచ్చాడు. పక్కనున్న పొట్లంలోది ఉత్త కోకో పొడి. కాబట్టి మామ వాడటం లేదు. అబద్ధం మాత్రం చెప్పాడు.

"ఒక్కసారి నువ్వు చేసి చూపించు," అంది ఇమొజెన్.

మామ చేశాడు. వేళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చెంచా పట్టుకున్నాడు, లైటర్ వెలిగించాడు. నవ్వుతూ మొదలుపెట్టినవాడు మధ్యలో ఆపేశాడు. సరుకు అందని రోజుల్లో వచ్చేలాంటి ఆవులింత వచ్చింది. ఇంకోటి. కళ్ళలో నీళ్ళు. ముక్కు కారి పైపెదవి మీదికి వచ్చింది. ఉన్నది కోకో అని అతని బుర్రకి తెలుసు, ఒంటికి తెలీదు.

"అబ్బ!" అని ఎగిరి, హీరో వైపు తిరిగింది ఇమొజెన్. "ఆ ముక్కు! చూశావా? నువ్వూ అచ్చం అలాగే చెయ్యాలి." హీరో చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. మామ చొక్కా చేతికి ముక్కు తుడుచుకుని వంగి దండం పెట్టాడు. అప్పుడు నన్ను చూశాడు.

ఇద్దరం కలిసి కొండ దిగాం.

"నటించావా మామా?"

"అమ్మకి చెప్పకురా."

"నేనడిగింది అది కాదు."

మామ నడక వేగం పెంచాడు. నేను చెప్పేస్తానని అతనికి తెలుసు. నాతో పోటీ పడ్డట్టు, గుమ్మం దాటగానే తనే అంతా చెప్పేశాడు. అమ్మ వంటగదిలో నిలబడి విన్నది.

"నవ్వుతారా జనం?"

"బాగా నవ్వుతారక్కా. మనసున్న సినిమానే."

"ఆ కథలో వాడికి అక్క ఉందా?"

"లేదు."

"మరి వాడికి తలుపెవరు తీస్తారు?"

మామ ఆలోచించాడు. "తలుపులు వాళ్ళే బద్దలుకొట్టుకుంటారు."

"అంటే సరైన చెంచా కావాలని నా సొరుగు దోచావు. ఆ చెంచా ఎవరిదో మాత్రం వాళ్ళకి అక్కర్లేదు. సరే. సంచి సర్దుకో."

అతను బతిమాలలేదు. గదిలోకి వెళ్ళాడు. జిప్పు చప్పుడు వినబడింది. సంచి భుజాన వేసుకుని వచ్చి గడప దగ్గర ఆగిపోయాడు.

"అక్కా, ఇవాళ నా ముక్కు కారింది. జలుబు కాదు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు భయమేసింది."

ఇది చెప్పాల్సిన అవసరం అతనికి లేదు. అందుకే నాకు అనుమానం వచ్చింది, ఇదీ నటనేమోనని. మూడు వారాలు సినిమావాళ్ళతో తిరిగాడు, ఎక్కడ ఏ మాట పండుతుందో తెలుసు. అమ్మకీ వచ్చే ఉంటుంది ఆ అనుమానం. చాలాసేపు అతని మొహంలోకి చూసింది.

"రేపు వెళ్తావా?"

"రేపు ఆఖరి రోజు. వెళ్ళనంటే అబద్ధమవుతుందేమో. వెళ్తానన్నా అబద్ధమే అవచ్చు. నాకు తెలీదక్కా."

"ఇన్నాళ్ళకి ఒక్క నిజం," అంది అమ్మ. చెయ్యి చాపింది. "సంచి లోపల పెట్టు. ఇంటి తాళంచెవి ఇలా ఇవ్వు."

మర్నాడు పొద్దున్న అమ్మ మందుల షాపు దాకా తోడెళ్ళి, తిరిగి వెంటపెట్టుకొచ్చింది. అతని ఫోన్ నా దగ్గర పెట్టమంది. తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా ఇమొజెన్ పదకొండుసార్లు చేసింది. మోగిన ప్రతిసారీ మామ ఆ వైపు చూశాడు. ఎత్తమని అడగలేదు. అతను అడుగుతాడేమోనని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడూ మా ఇంట్లోనే ఉంటున్నాడు. తాళంచెవి మాత్రం అమ్మ తిరిగి ఇవ్వలేదు. సొంత అక్క ఇంటికి పోస్ట్‌మాన్‌లా తలుపు కొట్టి వస్తాడు. అమ్మ తలుపు గొలుసు తీయకుండా సందులోంచి ముందు అతని కళ్ళు చూస్తుంది, హెరాయిన్‌కి కంటిపాపలు సూదిమొనంత అయ్యాయేమోనని. అతనూ మొహం వెలుతురులోకి తిప్పి కదలకుండా నిలబడతాడు. ఆమె తృప్తిపడి గొలుసు తీస్తుంది. వెనక నిలబడి నేనూ చూస్తాను, ఆమెకి కనబడనిది నాకేమైనా కనబడుతుందేమోనని.