డాక్టరు దిగుడు

మా మేనత్త పోయింది. ఈ కబురు నాకు చెప్పింది బంధువులెవరూ కాదు, ఈపూరు పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే పెద్దాయన. పొద్దున్నే ఫోను చేసి, మందలో ఏదో జబ్బు కనపడినప్పుడు మాట్లాడే గొంతుతోనే, "అమ్మా, డాక్టరమ్మ వసారాలో కుర్చీలో కూచునే ఉంది. పిలిస్తే పలకట్లా," అన్నాడు. బదిలీ మీద వచ్చి ఉంటున్న ఎడ్లపాడు నుంచి నేను బయల్దేరి వెళ్ళేసరికి ఆమెను చాప మీదికి దించారు. గుండె ఆగిందన్నారు. ముఖంలో నొప్పి జాడ లేదు. ఎవరో వస్తున్న చప్పుడు వింటున్న మనిషిలా తల కాస్త పక్కకు వాల్చి ఉంది.

మీలో ఈపూరు, బొల్లాపల్లి కొండల వైపు తిరిగినవాళ్ళు ఆమెను చూసే ఉంటారు. ఎత్తైన బండి, గుబ్బల టైర్లు, వెనక మందుల ఐస్ పెట్టె, పంజాబీ డ్రెస్సు మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కున్న ఒక నడివయసు మనిషి. చూసినవాళ్ళు అదేదో సరదా అనుకునేవాళ్ళు. ఆ చొక్కా, ఆ బండి, ఆ ఉద్యోగం మూడూ మా మామయ్యవి.

మామయ్య పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటు. కాపరులు మాత్రం డాక్టరుగారనే పిలిచేవాళ్ళు. మట్టిలో పందేలకు వాడే ఆ బండిని హైదరాబాదులో ఎవరో కుర్రాడి దగ్గర పాతది కొన్నాడు. కొండ మీద దొడ్లకు మామూలు మోటారుసైకిలు ఎక్కదు. ఇదైతే రాళ్ళ మీద కూడా మేకలా పోతుందని మురిసిపోయేవాడట. ఒక వానాకాలం ఉదయం గొర్రెలకు సూదులు వెయ్యడానికి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు కొండ దిగే నిట్రవాలు బాటలో, ఆ దిగుడులో పడిపోయాడు. బండితో సహా వాగులో దొరికాడు. అప్పట్నుంచీ కాపరులు ఆ చోటును డాక్టరు దిగుడు అంటున్నారు.

కారుణ్య నియామకం కింద అత్తకు ఆ ఉద్యోగమే వచ్చింది. ఆఫీసులో కూర్చునే పని ఇప్పిస్తామని పెద్దలు చెప్పినా ఒప్పుకోలేదు. వంగిపోయిన బండిని బాగు చేయించి, మిర్చి కోతలయ్యాక ఖాళీగా ఉన్న చేలో నేర్చుకోవడం మొదలుపెట్టింది. పడేది, లేచేది. ఊరు నోరు నొక్కుకుంది. మొగుణ్ణి మింగిన బండి ఎక్కుతుందేంది ఈమె అన్నారు. మా నాన్న వెళ్ళి దాన్ని అమ్మెయ్యమని బతిమాలాడు. అత్త బండి మీద చెయ్యి వేసి ఒక్కటే మాట అన్నదట. "ఇది ఏం జేసిందో నాకు తెలియాలన్నయ్యా."

ఆ మాటకు అర్థం మా నాన్నకు తెలియలేదు. నాకు తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది.

నాకు కూడా ఆ శాఖలోనే ఉద్యోగం వచ్చి మొదటి పోస్టింగు అత్త ఉన్నచోటే పడింది. నరసరావుపేట వీధుల్లో స్కూటీ నడిపినదాన్ని, బండి వచ్చనే ధీమాతో వెళ్ళాను. మొదటివారం అత్త నన్ను బండి ఎక్కనివ్వలేదు. దాని పక్కన కూర్చోబెట్టింది.

ముందు చక్రం దగ్గర మొదలుపెట్టేది. టైరును బొటనవేలితో నొక్కి గాలి చూసేది. రాళ్ళ దారికి గాలి ఎంతుండాలో, బురదకు ఎంత తగ్గించాలో వేలికే తెలియాలనేది. చిన్న పానాతో స్పోకుల మీద ఒక్కొక్కదాన్నీ తట్టేది. బిగువుగా ఉన్నవి ఖంగుమనేవి. వదులైనది మూగగా పలికేది. బ్రేకు పిడి నొక్కి, క్లచ్ పిడి కొంచెం వదులుగా ఆడుతోందో లేదో చూసి, యాక్సిలరేటర్ తిప్పి వదిలేది. వదలగానే అది తనంతట తాను వెనక్కి రావాలి. నింపాదిగా వస్తే ఆ రోజు బండి కదలదు. బండిని నిటారుగా నిలబెట్టి ఆయిల్ చూసేది. ఎయిర్ ఫిల్టర్ విప్పి దుమ్ము దులిపేది. చివరికి చైను. దాన్ని మధ్యలో వేళ్ళతో పైకి ఎత్తి, ఎంత లేస్తుందో చూసి, వెనక చక్రాన్ని పట్టి ఉంచే యాక్సిల్ నట్టుకు పానా వేసేది. అక్కడ ఆమె చెయ్యి నెమ్మదించేది. బిగించేది, ఆగేది, మళ్ళీ పానా పెట్టి చూసేది. కంటితో చూసింది చూసినట్టు కాదు, చేత్తో పట్టుకుంటేనే చూసినట్టు అనేది.

ఆ ఇంట్లో ఒక వింత కట్టుబాటు ఉండేది. బండి దగ్గర కూర్చున్న మనిషిని ఎవరూ పిలవకూడదు. టీ అయినా, టిఫినైనా అత్త పట్టుకొచ్చి మన పక్కన మాటా పలుకూ లేకుండా నిలబడేది. పని అయిందాకా అలాగే నిలబడేది. టీ మీద మీగడ కట్టినా సరే.

నాకిది కొత్త. ఒకరోజు ఆమె చైను చూస్తుంటే ఇంట్లోంచి, "అత్తా, నీకు ఫోను," అని కేకేశాను. ఆమె పానా కింద పెట్టింది. కుళాయి దగ్గరకు వెళ్ళి చేతులు కడుక్కుంది. తిరిగొచ్చి ముందు చక్రం దగ్గర కూర్చుని మళ్ళీ టైరు నొక్కడం మొదలుపెట్టింది. కాసేపటికి మళ్ళీ పిలిస్తే మళ్ళీ అట్లాగే చేసింది. ఎండ ఎక్కుతోంది, అవతల దొడ్డిలో కాపరులు ఎదురుచూస్తున్నారు. ఎందుకింత చాదస్తమని నేను విసుక్కున్నాను.

 అత్త స్పోకులన్నీ తట్టడం అయ్యాక, చక్రాన్నే చూస్తూ చెప్పింది. ఆ వానాకాలం ఉదయం మామయ్య ఇదిగో ఇక్కడే కూర్చుని చైను సరిచేస్తున్నాడు. చైను బిగించాలంటే ముందు ఆ యాక్సిల్ నట్టు వదులు చెయ్యాలి, చివర్లో మళ్ళీ బిగించాలి. ఆమె పెనం మీద అట్లు పోస్తోంది.

"'చల్లారిపోతన్నయ్, లెగండి' అన్నాను. లేచి వచ్చారు. తిన్నారు. చెయ్యి కడుక్కుని అటునుంచి అటే బండెక్కి పోయారు. ఆ నట్టు బిగించారో లేదో నేను చూళ్ళేదే."

బండిని వాగులోంచి తీసినప్పుడు చైను ఊడి చక్రంలో ఇరుక్కుని ఉందట. ముందు చైను ఊడి మనిషి పడ్డాడా, పడ్డాక రాయి తగిలి చైను ఊడిందా? మెకానిక్కును అడిగింది. రెండూ జరగొచ్చన్నాడు. అంతకుమించి చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. అందుకే ఆమె బండి నేర్చుకుంది. ఆ దిగుడు దిగింది. వదులు నట్టుతో ఎంత దూరం పోతుందో, తడి రాయి మీద చక్రం ఎట్లా జారుతుందో ఏళ్ళ తరబడి తెలుసుకుంటూనే ఉంది. ఎన్నిసార్లు దిగినా ఆమెకు కావలసిన జవాబు మాత్రం ఆ కొండ ఇవ్వలేదు.

తర్వాత నాకు నడపడం నేర్పింది. పెట్రోలు ట్యాపు తిప్పి, ఇంజను చల్లగా ఉంటే చోక్ లాగి, గేరు న్యూట్రల్లో ఉందని చక్రం దొర్లించి చూసుకున్నాకే కిక్కు. ఊరికే తొక్కితే తన్నుతుంది. కాలితో మెల్లగా నొక్కితే ఒకచోట బరువు తగులుతుంది, అక్కడినుంచి పూర్తిగా తొక్కాలి. క్లచ్ వదిలేటప్పుడు బండి ముందుకు పోదామని అడిగే చోటు ఒకటుంటుంది, అక్కడ ఆగి దాని మాట వినమనేది. రాళ్ళలో కూర్చోవద్దు, ఫుట్‌రెస్టుల మీద నిలబడి మోకాళ్ళతో ట్యాంకు పట్టుకోవాలి. హ్యాండిల్‌ను గొంతు పట్టుకున్నట్టు పట్టుకోకూడదు. ఎక్కేటప్పుడు ఒంటిని ముందుకు వంచాలి, దిగేటప్పుడు వెనక్కి జరపాలి. "దిగుడులో తొందర బండికి ఉంటది. మనకుండకూడదు," అనేది.

మొదటిసారి డాక్టరు దిగుడుకు తీసుకెళ్ళినప్పుడు, తను ఎట్లా దిగుతుందో చూస్తూ వెనకాలే నడిచి రమ్మంది. గొర్రెల కాలిబాట అది. ఒక పక్క బండరాయి, ఇంకో పక్క వాగు. ఆమె నిలబడి, తక్కువ గేరులో, మనిషి నడకంత నెమ్మదిగా దిగుతోంది. నేను నాలుగు అడుగుల వెనక ఉన్నాను. ఇంజను గుడగుడలో ఆమె మాటలు వినపడుతున్నాయి. నాకే చెబుతోందనుకుని చెవి ఒగ్గాను.

"క్లచ్ పట్టమాకండి. పట్టారంటే బండి జారిద్ది. ఇంజనే పట్టుకుంటది, వదిలెయ్యండి. ముందు బ్రేకు రెండు వేళ్ళతోనే. చూపు వాగు మీద పెట్టమాకండి, ఆ తుమ్మచెట్టు మీద పెట్టండి. అంతే. నడుం వెనక్కి."

నన్ను ఆమె ఏనాడూ ఏమే, ఒసే అనే పిలిచింది తప్ప అండి అని అన్నది లేదు.

ఎండ బాగా కాస్తోంది. అయినా నా చేతుల మీద రోమాలు లేచాయి. కిందికి దిగాక అత్త బండి ఆపి వెనక్కి తిరిగి చూసింది. నన్ను కాదు, నా వెనక పైన ఉన్న మలుపును. కాసేపు అలా చూసి, "నువ్వు ఎక్కు, ఇప్పుడు నీ వంతు," అంది, ఏమీ జరగనట్టు.   తర్వాత చాలాసార్లు ఆ దారిన కలిసి వెళ్ళాం. ప్రతిసారీ అదే పాఠం, అదే గొంతు. కొన్నాళ్ళకు నేను కూడా ఆ దిగుడు మొదట్లో తెలియకుండానే పక్కకు తప్పుకుని, మూడో మనిషి నడవడానికి చోటు వదలడం మొదలుపెట్టాను.

ఆమె రిటైరయ్యాక బండి నా చేతికొచ్చింది. ఒక ముసురు రోజున కొండ మీద దొడ్డిలో చిటుకు రోగం తగిలింది. పొద్దున మేసిన గొర్రె మధ్యాహ్నానికి ఉండదు, అంత పాడు జబ్బు అది. కాపరి మనిషి తడుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అత్తకు ఆ రోగం సంగతి నాకంటే బాగా తెలుసు. ఆలస్యమైన కొద్దీ గొర్రెలు పోతాయి. అయినా నేను స్పోకులు తడుతుంటే తొందరపెట్టలేదు. నోరు తెరవబోయిన కాపరిని చేత్తోనే ఆపింది.

మందకంతటికీ సూదులు వేసి తిరిగొచ్చేసరికి దిగుడంతా నీళ్ళు పారుతోంది. మలుపు దగ్గర ముందు చక్రం తడి రాయి మీద పక్కకు జారింది. నా ఎడమచెయ్యి క్లచ్ మీదికి దానంతట అది పోయింది. పట్టమాకండి అన్న మాట అంత స్పష్టంగా వినపడింది. అది నాలోంచి వచ్చిందో, బయటి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. వేళ్ళు వెనక్కి తీసుకున్నాను. ఇంజను చక్రాన్ని పట్టుకుంది. తుమ్మచెట్టును చూస్తూ కిందికి వచ్చేశాను.

అత్త వసారాలో నిలబడి ఉంది. తడి బట్టలు మార్చుకోమని కూడా అనలేదు. వంగి యాక్సిల్ నట్టును చేత్తో తాకింది. తర్వాత, చాలాకాలంగా దాచుకున్న ప్రశ్నలా, మెల్లగా అడిగింది.

"దిగుడులో నీకు ఎవరన్నా కనపడ్డారా?"

"ఎవరూ లేరత్తా," అన్నాను. అది నిజమే.

"బాగా చూశావా? మలుపు కాడ?"

"చూశాను. ఎవరూ లేరు."

ఆమె ఆ మాటను లోపలికి తీసుకోవడం నాకు కనపడింది. బాధపడుతుందేమోనని భయపడ్డాను. కానీ ఆమె భుజాలు కిందికి దిగాయి. తల మీద నుంచి గడ్డిమోపు దించుకున్న మనిషిలా ఊపిరి వదిలింది. "అయితే దిగిపోయారేమోలే," అంది. ఇన్నేళ్ళూ ఆయన ఆ కొండ మీదే చిక్కుకుపోయాడని ఆమె అనుకుంటూ వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు, నేను బండి దగ్గర కూర్చుని చైను సరిచేస్తున్నాను. వంటింట్లోంచి గొంతు వినపడింది. "ఏమే, టీ చల్లారిపోతంది, రా." నా చేతిలో పానా అట్లాగే ఆగిపోయింది. ఆ ఇంట్లో నేనెన్నడూ వినని మాట అది. ఆమెకు కూడా తను ఏమన్నదో ఒక క్షణం తర్వాత తెలిసినట్టుంది, లోపల గిన్నెల చప్పుడు ఆగింది. నేను కదల్లేదు. నట్టు పూర్తిగా బిగించి, మళ్ళీ పానా పెట్టి చూసి, అప్పుడు లేచాను. టీ నిజంగానే చల్లారిపోయింది. ఇద్దరం గుమ్మంలో కూర్చుని దాన్నే తాగాం. అత్త కళ్ళు తుడుచుకుంటూ, పంచదార ఎక్కువైందని అంది.

మా అత్త నాకు నేర్పింది బండి నడపడమే అని చాలామంది అనుకుంటారు. నాకు అంతకంటే ఎక్కువే అందింది. జవాబు దొరకని ఒక ప్రశ్న పక్కన కూర్చుని, రోజూ చెయ్యాల్సిన పనిని రోజూ మొదటినుంచీ చేసే ఓపిక ఎట్లా ఉంటుందో దగ్గరుండి చూశాను. దానికి ఆమెకు ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. అత్తకు ఆ మాట చెబితే నవ్వేది.

పెద్దకర్మ అయిన మర్నాడు కొండ మీద కాపరులు మందలు తోలుకుని అత్త ఇంటి వీధిలోకి వచ్చారు. మేత కోసం కాలవ కింద పొలాలకు దిగిపోతూ, డాక్టరమ్మ ఇంటి మీదుగా పోదామని వచ్చామన్నారు. సన్న వీధి. గొర్రెలు నిండిపోయి కదలడానికి చోటు లేక అరుస్తున్నాయి. దారికి అడ్డంగా ఉందని నేను బండి తీసి కిక్కు కొట్టాను. గొర్రెలకు ఆ చప్పుడంటే సూది. అది వినపడితే చాలు, ఆ గొర్రెలు ఎటు పడితే అటు పరిగెత్తుతాయి. కాపరులు కూడా కర్రలు అడ్డం పెట్టి సిద్ధమయ్యారు.

ఒక్కటీ పరిగెత్తలేదు. అరుపులు ఆగిపోయాయి. మంద మొత్తం తలలెత్తి నిలబడింది. పెద్దాయన కర్ర కిందికి దించాడు. నా వైపు ఒక్క గొర్రె కూడా చూడటం లేదు. అన్ని ముఖాలూ వసారాలో అత్త ఖాళీ కుర్చీ వైపే తిరిగి ఉన్నాయి, చెవులు ముందుకు పెట్టి. నాకు ఇంజను ఆపబుద్ధి కాలేదు.