పులిహోర మీద పడిన నింద

పాసయ్యాను! ప్రజారోగ్యంలో డిగ్రీ వచ్చేసింది. మా ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ. ఫోన్‌లో రిజల్టు చూసి వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ పొయ్యి తగ్గించి అడిగింది. "అయితే ఇంక సూదిమందేస్తావా?"

వెయ్యనన్నాను. మరి నీ రోగి ఎవరంది. వీధి మొత్తం అన్నాను. అమ్మకి అర్థం కాలేదు. పోయినేడాది వినాయక చవితి దాకా నాకూ అయోమయమే.

ఆ రోజు భిలాయి స్టీల్ టౌన్‌షిప్ సెక్టర్ 2లో మా వీధి పందిట్లో భోజనాలయ్యాక చాలామందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పులిహోర కలిపింది మా కింది క్వార్టర్‌లో ఉండే పిన్ని. తెల్లారేసరికి నిందంతా ఆవిడ మీదే. క్లాసులో చెప్పినట్టు పడుకున్నవాళ్ళ దగ్గరికెళ్ళి ఏం తిన్నారో అడిగాను. అందరూ పులిహోర తిన్నారు. ఇంకేముంది, తేలిపోయిందనుకున్నాను. పిన్ని గరిటె కడిగి అటకెక్కించి, ఇంక పందిట్లో వండనంది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ తలెత్తింది. "నానూ తిన్నాను కదే, మారు కూడా ఏయించుకున్నాను. నాకేటయింది?"

బుర్ర తిరిగిపోయింది. నిజమే, ప్రసాదం వద్దనేవాళ్ళు మా వీధిలో ఎవరున్నారు? జబ్బుపడినవాళ్ళూ తిన్నారు, పడనివాళ్ళూ తిన్నారు. మరి తేడా ఎక్కడ? ఈసారి బాగున్నవాళ్ళని అడగడానికి బయల్దేరాను. పండక్కి భిలాయి-3 నుంచి వచ్చిన మావయ్య నవ్వాడు. "బాగున్నోళ్ళని అడగడమేటే, దిమాగ్ ఖరాబా?"

సెకండ్ షిఫ్టుకని పులిహోర తిని ముందే లేచిపోయినవాళ్ళకి ఏమీ కాలేదు. దగ్గుతో ఉన్న అమ్మకీ కాలేదు. వాళ్ళెవరూ చివర్లో పోసిన మజ్జిగ తాగలేదు. జబ్బుపడినవాళ్ళని మళ్ళీ అడిగితే అందరూ తాగామన్నారు. అందులో వేసింది బజార్లో చేపల మీద వేసే ఐసు. ఐసుదే తప్పని ప్రమాణం చెయ్యలేను, దాన్నెవరూ పరీక్ష చేయించలేదు. అనుమానం మాత్రం పులిహోర మీద నుంచి దిగిపోయింది.

పరిగెత్తి పిన్నికి చెప్పాను. ఆవిడ ముఖం విప్పారలేదు. "నువ్వు ముందు పాసవ్వే అమ్మా. అప్పుడు ఈళ్ళు నీ మాటింటారు. గరిటె సంగతి అప్పుడు సూద్దాం."

ఇప్పుడు ఎవరికి ముందు చెప్పాలో తెలీడం లేదు. డ్యూటీలో ఉన్న నాన్నకా? విజయనగరంలో అమ్మమ్మకా, నేను డాక్టరమ్మనయ్యానని ఊరంతా చెప్పకముందే? మావయ్యకా, ఇంకా పులిహోరదే తప్పంటున్నాడు కాబట్టి? పందిరి వేయించే పెద్దాయనకా, ఈ చవితికి ఆ ఐసు వద్దని? రాయపూర్‌లో కూతురింటికెళ్ళిన పిన్నికా, గరిటె దించమని?