ఎర్ర మందు సీసా

సారు పోయారని కాలేజీ ప్యూను వచ్చి చెప్పాడు. ఆయన దగ్గర ఎక్కువ కాలం పనిచేసింది నేనే కాబట్టి సంతాప సభలో నన్నే మాట్లాడమన్నారు. "ప్రకృతి ప్రేమికుడు" అని ఏవో నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాను. సంతాప సభల్లో చప్పట్లు ఉండవు కాబట్టి బతికిపోయాను. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

సారు వృక్షశాస్త్రం లెక్చరర్. నేను ఆయన ల్యాబులో డెమాన్‌స్ట్రేటర్‌ని. బోధన్ దారిలో ఉన్న మా ఊరి వాగుకు చిన్న ఆనకట్ట, దాని వెనక మడుగు. మడుగుకు ఎగువనంతా చెరుకు తోటలు, ఎక్కువభాగం మా బాపువే. కార్తె మారినప్పుడల్లా సారు పట్నంలోని కంఠేశ్వర్ నుంచి మొదటి బస్సుకు వచ్చి మడుగు నీళ్లు ఒక సీసాలో పట్టుకునేవారు. చీటీ మీద నెల పేరు రాయనిచ్చేవారు కాదు. "వానలు క్యాలెండర్ చూసి పడవు, కార్తె రాయి" అనేవారు.

ఆ సీసా నీళ్లలో నాలుగు చుక్కల అయోడిన్ వేస్తే లోపలి పచ్చ అడుగుకు దిగుతుంది. దాన్ని మైక్రోస్కోపు కింద ఇద్దరం లెక్కపెట్టేవాళ్లం. క్లాసులో వృక్ష ప్లవకాలని చెప్పేవారు, ల్యాబులో మాత్రం నీళ్ల గడ్డి అనేవారు. అయోడిన్ చిన్న సీసా ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉండేది. ఆయన చొక్కాలన్నిటికీ అక్కడ ఒక గోధుమరంగు మరక.

తొలి వానకు తోటల్లోని యూరియా కొట్టుకొచ్చి నీళ్ల గడ్డి ఒక్కసారిగా చిక్కబడేది. అది చిక్కబడితే నీళ్లలో చేపలకు గాలి అందదు. ఏటేటా పెరుగుతోంది. "నీళ్లు గుడ తింటయి. ఎక్కువ తిన్నోనికి ఊపిరి ఆడుతదా? వాన ముంగట యూరియా చల్లొద్దని మీ బాపుకు చెప్పు, గంతే" అనేవారు. చెప్తానన్నాను. చెప్పలేదు. బాపు ముందు నాకు నోరు పెగలదు.

ఒక ఏడు రోహిణి చివర్లో గట్టి వాన పడింది. కొద్ది రోజులకు, సరిగ్గా మృగశిర నాడు, మబ్బు పట్టిన పొద్దున మడుగులో చేపలన్నీ తేలాయి. మృగశిర నాడు చేప తినని ఇల్లు మా వైపు అరుదు. దేవుడే పంపాడని ఊరంతా గంపలతో దిగింది. సారు బస్సు దిగి వస్తూనే, "తినకుండ్రి, గవి చచ్చి తేలినయి" అని అరిచారు.

గంపలు ఆగాయి. చచ్చాయంటే ఎవరు చంపారన్న మాట వస్తుంది. చేపలు పట్టి బతికే ఒక ముసలాయన సారు జేబులోంచి చిన్న సీసా లాగి అందరికీ చూపించాడు.

"కార్తె కార్తెకు గీ ఎర్ర మందు తెస్తడు. నా కండ్లతోని సూసిన. మడుగుల పోసి మా కడుపు కొట్టిండు."

సారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. నీకు తెల్సు గద."

బాపు నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఎర్ర మందు కాదంటే యూరియా అని చెప్పాలి. యూరియా ఎవరిదో అందరికీ తెలుసు.

"నాకేం తెల్వదు సార్" అన్నాను.

ఊరివాళ్లు ఆయన్ను కొట్టలేదు. సీసా చేతిలో పెట్టి బస్సెక్కించారు. కాలేజీకి ఫిర్యాదు పోయింది, అక్కడ సారును సంజాయిషీ అడిగారు. అందులో ఆయన నా పేరు ఎత్తలేదు. వాగు వైపు మళ్లీ రాలేదు. నన్ను ఎప్పటిలాగే పలకరించేవారు, తిట్టి ఉంటే బాగుండేది. ఒక్కసారి మాత్రం అన్నారు: "చేపలు నోరు తెరిచి తెరిచి చచ్చినయి. నువ్వు ఒక్కపారి తెరిస్తే సరిపోతుండె."

మడుగు ఇప్పుడు ఏడాదంతా పచ్చగానే ఉంటోంది. చేపలు లేవు. ఆ ముసలాయన చెరుకు కొట్టడానికి మా తోటకే కూలికి వస్తాడు. బాపు అంటే ఆయనకు ఎంతో గౌరవం.

సభ అయ్యాక సారు భార్య నాకో పెట్టె ఇచ్చారు. "నీకే ఇయ్యమన్నరు బిడ్డా." అందులో కార్తెల వారీగా సీసాలు, ఒక మూల ఆ చిన్న సీసా. ఆ తర్వాత ఆయన దాన్ని వాడలేదు. మృగశిరకు ముందురోజు సాయంత్రం ల్యాబులో దాన్ని నింపింది నేనే. ఆ పొద్దున అంతమంది ఆ సీసాను చూశారు, ఎంత ఉందో ఎవరూ చూడలేదు. నేను చూశాను.

మూత దాకా నిండుగా ఉంది.