తండ్రి పారిపోలేదని తేల్చిన మేనత్త

మా మేనత్త ఈ నెల మొదట్లో కలకత్తా పక్కన సంత్రాగాఛిలో కొడుకింట్లో కన్నుమూసింది. పరామర్శకు వచ్చినవాళ్ళంతా "పెద్ద వయసు, ప్రశాంతంగా పోయింది" అంటున్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. ఆవిడ ప్రశాంతంగా పోలేదు, కోపంతో పోయింది. ఆ కోపం ఎందుకో మీకు చెప్పాలి.

ఆవిడ తల్లి కడుపులో ఉండగానే మా తాత శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళాడు. బర్మా వైపు వెళ్ళాడని తెలుసు, ఆ తర్వాత కబురు లేదు. యుద్ధం ముగిసినా రాకపోయేసరికి, రంగూన్‌లో ఇంకో ఆవిడతో కాపురం పెట్టాడని ఊరు తేల్చేసింది. మా నాయనమ్మ మా నాన్నను, మేనత్తను వెంటబెట్టుకుని ఇక్కడి లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసే అన్న దగ్గరికి వచ్చేసింది. ఆ మాట కూడా వెనకే రైలెక్కి వచ్చింది. మొగుడు ఉన్నాడో పోయాడో తెలియక ఆవిడ చివరిదాకా బొట్టు తీయలేదు. దానికీ నవ్వారు.

మేనత్త ఆ నవ్వులు మరిచిపోలేదు. సాసర్లో టీ ఊదుకుంటూ ఉన్నట్టుండి "మా అమ్మనన్నోళ్ళందరూ సుకంగానే బతికేసినారే" అనేది.

యుద్ధంలో పోయినవాళ్ళ రికార్డులు వంశవృక్షాల వెబ్‌సైట్లలో ఉంటాయని కిందటేడాది ఎవరో చెప్పారట. అప్పట్నుంచి ఆదివారమైతే చాలు, లోకల్ రైలూ బస్సూ పట్టుకుని భవానీపూర్‌లో నా ఇంటికి వచ్చేసేది. సిపాయిల పేర్లన్నీ వెతికాం. దొరల ఫోటోలున్నాయి, పతకాలున్నాయి, వాళ్ళ గుర్రాల పేర్లు కూడా ఉన్నాయి. మా తాత లేడు. చివరికి మేనత్తే విసుక్కుంది. "సిపాయోళ్ళలో కాదే, కూలోళ్ళలో చూడు. మనోళ్ళకి తుపాకులెవులిస్తారు?"

కూలీల్లోనే ఉన్నాడు. గాయపడ్డవాళ్ళను మోసేవాడట. యుద్ధం మధ్యలోనే చనిపోయాడు, తేదీతో సహా ఉంది. కింద ఒక్క వరుస: ఫలానా ఊరు, ఫలానా ఆమె భర్త. ఆ పేరు మా నాయనమ్మది.

చదివి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను.

"ఏటే, ఈళ్ళకి మా ఊరు తెలుసా? మా అమ్మ పేరు తెలుసా? మరి ఒక్క కార్డు ముక్క రాయడానికి ఏటి రోగం?"

ఊరూ పేరూ పదిలంగా దాచుకున్న దొరలు కబురు మాత్రం పంపలేదు. వాళ్ళ బద్ధకానికి ఒక ఇల్లాలు బతికినన్నాళ్ళూ మాటలు పడింది.

ఆ రోజే కింద షాపులో "దాదా, మోటా కాగజే దేబేన్" అని మందపాటి కాగితం అడిగి మరీ అచ్చు తీయించింది. అటునుంచి అటే లిలువాలో నాకు బాబాయి వరసయ్యే పెద్దాయన ఇంటికి నన్ను లాక్కెళ్ళింది. నాయనమ్మ బొట్టును ఎగతాళి చేసినవాళ్ళలో ఇప్పటికి మిగిలింది ఆయనే. నాచేత చదివించింది.

"ఎప్పటి మాటో కదమ్మా, ఇప్పుడెందుకు?" అన్నాడాయన.

"మా అమ్మ మాటలు పడ్డప్పుడు ఎప్పటి మాటో కాదు. తప్పని చెప్పు."

ఆయన ఏదో గొణిగాడు.

"గట్టిగా" అంది మేనత్త. చెప్పాడు.

తల్లి కోసం అంత కోపాన్ని అన్నేళ్ళు చల్లారనివ్వకుండా ఉంచుకోవడం ఆవిడ దగ్గరే చూశాను. అందుకు నేను ఆవిడకు రుణపడి ఉంటాను.

ఆ తర్వాత కూడా ఆదివారాలు వచ్చేది. కాగితం చేతిలో ఉన్నా కంప్యూటర్లోనే చూపించమనేది. "లోకమంతా చూసేది అందులోనే గదా" అనేది. చదవడం రాదు గానీ తల్లి పేరు ఎక్కడుందో గుర్తు పెట్టుకుంది. దాని మీద వేలు ఆనించి కూర్చునేది. కాసేపటికి తెర చీకటయ్యేది. వేలు తీయకుండానే "ఎలిగించే" అనేది. నేను మీట నొక్కేదాన్ని. ఆ వేలి కింద మళ్ళీ మా నాయనమ్మ, మా తాత భార్య.