కాటా మావయ్య మోటారు కొన్న వైనం

మా మావయ్య కంటబడిన ప్రతి వస్తువునీ తూచేవాడు. అతిశయోక్తి కాదు. ఆయన చొక్కా జేబులో అరచేయంత స్ప్రింగ్ కాటా ఒకటి ఎప్పుడూ ఉండేది. పైన రింగు, కింద కొక్కెం, మధ్యలో ఎర్ర ముల్లు. ఆ కొక్కేనికి తగిలే వస్తువేదీ ఆయన ముందు నుంచి తూగకుండా దాటిపోలేదు. తగలని వాటికోసం షెడ్డులో బస్తాలు తూచే పెద్ద కాటా పెట్టుకున్నాడు. ఊరంతా ఆయన్ని కాటా మావయ్య అనేవాళ్లు. అసలు పేరుతో పిలిస్తే ఆయన తిరిగి చూసేవాడు కాదు, పక్కవాడిని పిలుస్తున్నారనుకునేవాడు.

ఇంటికి చుట్టాలొస్తే పెట్టె గుమ్మంలోనే తూగేది. వెళ్లేటప్పుడు మళ్లీ తూగేది. ఒకసారి అత్తయ్య తరఫు పెద్దాయన నాలుగు రోజులుండి బయల్దేరుతుంటే మావయ్య ముల్లు చూసి, "వచ్చేటప్పుడు తొమ్మిది, ఇప్పుడు పది. మా ఇంట్లో ఏం నచ్చిందండీ?" అని చాలా ప్రేమగా అడిగాడు. ఆయన మళ్లీ రాలేదు. పెట్టెలో ఉన్నది అత్తయ్య స్వయంగా ఇచ్చిన తేనె సీసా.

నేను లైబ్రరీ నుంచి పుస్తకం తెస్తే దాన్ని సంచితో సహా వేలాడదీసేవాడు.

"ఎనిమిది వందల గ్రాములు. ఇందులో పనికొచ్చేది ఎంతుంటుందంటావురా అల్లుడూ?"

"చదివితే గాని తెలీదు మావయ్యా."

"చదివాక తూకం తగ్గుతుందా?"

ప్రింటింగ్ ప్రెస్సులో నా మొదటి ఉద్యోగం ఊడిన రోజున, నేను మొహం వేలాడేసుకుని వస్తే, నా చేతిలోంచి ఆ ఉత్తరం లాక్కుని కొక్కేనికి గుచ్చాడు. కాసేపు చూసి, "ముల్లు కదలనైనా లేదురా. దీనికా ఇంత ఏడుపు?" అన్నాడు. ఆ రోజు ఆయన మీద పళ్లు కొరికాను. ఆ తర్వాత ఇంకో మూడు ఉద్యోగాలు ఊడాయి. ప్రతిసారీ ఆ మాటే గుర్తొచ్చి కొంచెం తేలికపడ్డాను. ఇప్పుడు నేను పనిచేసే చోట మనుషుల్ని తూచడానికి కాటాతో పనిలేదు, కాళ్లకున్న చెప్పుల ఖరీదు చూస్తే సరిపోతుంది. అందుకేనేమో ఆ ఎర్ర ముల్లంటే ఇప్పుడు గౌరవం.

ఇక పడవ సంగతి. షెడ్డులో టార్పాలిన్ కింద పద్దెనిమిది అడుగుల ఎర్ర పడవ ఉండేది. దానికి నాకంటే అయిదేళ్లు ఎక్కువ. నీటిని కోసుకుపోయేలా సన్నటి ముక్కుతో చేసిన పందెం పడవ. అది అత్తయ్యది. అవును, అత్తయ్యదే. సరస్సులో జరిగే పందేల్లో అత్తయ్య నడిపేది, మావయ్య మెకానిక్కు. గెలిచిన కప్పులు మూడున్నాయి. ఒకదాంట్లో టీపొడి, ఒకదాంట్లో గుండీలు, మూడోదాంట్లో ఎవరికీ పనికిరాని తాళంచెవులు ఉండేవి. పదకొండేళ్ల కిందట అత్తయ్యకి నడుం ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత ఆవిడ పడవ ఎక్కలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "కుదరలేదు" అనేది. ఆ మాట అన్నాక ఇంకేమీ అడగబుద్ధయ్యేది కాదు. వాడకం లేక మోటారు తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

ఈలోగా సరస్సు ఒడ్డున హోటల్ నడిపే ఆయన కన్ను దాని మీద పడింది. పడవని నడిమికి కోసి, ముందు సగాన్ని జ్యూస్ కౌంటరుగా నిలబెడతాడట. అత్తయ్య వంటింట్లోంచే తీర్పు చెప్పింది.

"ఏమండీ, ఈ నెలాఖరులోగా దానికి కొత్త మోటారు పెడితే పెట్టండి. లేదంటే ఆయనకిచ్చేస్తాను. రోజూ ఆ టార్పాలిన్ చూడ్డం నా వల్ల కాదు."

సీజన్ చివర పెద్ద పందెం ఉంది. ఆ పడవకి మంచి మోటారు పడితే, ఆ సీట్లో నేను కూర్చుంటే, ఊళ్లో నన్ను పనికిమాలినవాడన్న ప్రతివాడి మొహం మీదా నీళ్లు చిమ్ముతూ పోవచ్చు. ఇరవై మూడేళ్ల వయసులో నాకున్న ఆశయం అదొక్కటే. దానికి అడ్డం ఒక్కటే. మోటారు ఎంచుకోవాల్సింది కాటా మావయ్య.

మర్నాడే మోటార్ల షాపుకి వెళ్లాం. షాపతను కేటలాగు పరిచాడు.

"సార్, ఈ పడవకి నూట యాభై హార్స్‌పవర్ పెట్టండి. రాకెట్టే!"

"బరువెంత?"

"నూట యాభై గుర్రాలు సార్!"

"గుర్రాలు నాకెందుకయ్యా, నేనేమన్నా గడ్డి వెయ్యాలా? కిలోలు చెప్పు."

అతను వేలితో వెతికి, "రెండు వందల పది" అన్నాడు.

"ఆయిల్ పోసి తూచారా, పోయకుండానా?"

"పోయకుండా అనుకుంటా సార్."

"ప్రొపెల్లర్?"

"అదీ లేకుండానే."

"అంటే స్నానానికి వెళ్లేవాడి బరువు చెప్తున్నావు. నాకు బట్టలేసుకుని ఆఫీసుకెళ్లేవాడి బరువు కావాలి."

ఆ పది రోజుల్లో ఆరుసార్లు వెళ్లాం. అయిదోసారి మమ్మల్ని చూసి షాపతను స్టోర్ రూములో దాక్కున్నాడు. మావయ్య దాన్నే అనుమతిగా భావించి, షెడ్డులోని పెద్ద కాటా తెప్పించి, గొలుసుకు మోటార్లు ఒక్కొక్కటే వేలాడదీసి తూచేశాడు. నూట యాభై గుర్రాలది అన్నీ కలిపి రెండు వందల ఇరవై కిలోలు తూగింది. దాని పక్కనున్న నూట పదిహేను గుర్రాలది నూట డెబ్భై. చివరికి వెళ్లేటప్పుడు కేటలాగు కూడా తూచాడు. "కాగితం మాత్రం మంచిది" అన్నాడు.

"ఇక తేలిపోయింది కదా మావయ్యా, నూట యాభై కొనెయ్."

"అంకె తేలింది. పడవేమంటుందో అడగాలి కదా."

పడవని అడగడమంటే ఇదీ. పాత మోటారు విప్పేసి, పడవని నీళ్లలోకి దించి, మోటారు ఉండాల్సిన చోట అంత బరువున్న మనుషుల్ని కూర్చోబెడతాడు. ఊళ్లో అందరి బరువులూ ఆయనకి కంఠతా వచ్చు కాబట్టి ఎంపిక నిమిషంలో అయిపోయింది. బేకరీ ఆయన నూట పద్దెనిమిది, స్కూల్లో డ్రిల్ మాస్టారు నూట రెండు. ఇద్దరూ కలిస్తే నూట యాభై గుర్రాల మోటారు. ఆదివారం ఉదయం వాళ్లిద్దరూ పడవ వెనక అంచున, నీళ్లలో కాళ్లు వేలాడేసి, భుజం భుజం ఒరుసుకుంటూ కూర్చున్నారు.

"నోటితో శబ్దం కూడా చెయ్యాలా?" అన్నాడు బేకరీ ఆయన.

"కదలకుండా ఉంటే చాలు. మోటారు మాట్లాడదు."

పడవ వెనక్కి కూరుకుపోయింది. ముక్కు ఆకాశం చూసింది. నీళ్లు వెనక అంచుకి నాలుగు వేళ్ల దూరంలోకి వచ్చాయి. మావయ్య వంగి సుద్దముక్కతో గీత గీశాడు. తర్వాత డ్రిల్ మాస్టార్ని దింపి, యాభై రెండు కిలోల టైలర్ని ఎక్కించాడు. నూట పదిహేను గుర్రాల మోటారు తయారైంది. ముక్కు మెల్లగా దిగి బుద్ధిగా నిలబడింది. టైలరు మొహం మాత్రం చిన్నబోయింది.

"ఇదేం బావుందండీ? ఆయన కూర్చుంటే నూట యాభై, నేను కూర్చుంటే నూట పదిహేనా? నా మూలంగా ముప్పై అయిదు గుర్రాలు చచ్చాయా?"

"నువ్వు కూర్చున్నాకే పడవ తిన్నగా ఉందయ్యా. చూడు, నీలాంటివాడు దొరకడు."

ఆ మాట టైలరు వారం రోజులపాటు కొలతలిచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. డ్రిల్ మాస్టారు టైలరుతో మాట్లాడ్డం మానేశాడు.

అత్తయ్య ఒడ్డు మీదుగా వెళ్తూ ఆగి చూసింది.

"ఇదేమిటి, పడవకి బేకరీ కట్టారు?"

"మోటారోయ్!"

"అలాగా. ఇంకా పన్నెండు రోజులే ఉంది," అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. మావయ్య ఆవిడ వెళ్లిన వైపే చూస్తూ నిలబడ్డాడు. బేకరీ ఆయన "మోటారుకి కాళ్లు తిమ్మిరెక్కాయి" అని అరిచేదాకా కదల్లేదు.

ఎనిమిది రోజుల తర్వాత లారీ వచ్చింది. పెట్టె మీద అంకె చూశాను. నూట పదిహేను.

నాకు ఒళ్లు మండిపోయింది. "దీంతో పందెమా? అవతలి పడవలన్నీ నూట యాభైలూ రెండు వందలూ! పిరికితనానికి తూకమని పేరు పెట్టుకున్నావు మావయ్యా నువ్వు!"

మావయ్య పెట్టె మేకులు పీకుతూనే ఉన్నాడు. "వెనక బరువెక్కితే ముక్కు లేస్తుందిరా. లేచిన ముక్కు ప్రతి అలకీ ధడేల్మని పడుతుంది. ఆ దెబ్బ నడిపేవాళ్ల నడుంకి తగుల్తుంది."

"నడిపేది నేను కదా! నా నడుంకేమైంది?"

ఆయన మేకులు పీకడం ఆపి, నిజంగానే ఆశ్చర్యపడి నన్ను చూశాడు.

"నడిపేది నువ్వని ఎవరన్నార్రా?"

అప్పుడు ఆలోచించాను. నిజమే, ఎవరూ అనలేదు. ఆ సీట్లో నన్ను నేనే కూర్చోబెట్టుకున్నాను.

"అయితే అత్తయ్యా? ఒప్పుకుందా?"

"అడగలేదు. అడిగితే కాదంటుంది." మేకు వంక చూస్తూ అన్నాడు, "మీ అత్తయ్య నడిపిన చివరి పందేనికి పెద్ద మోటారు బిగించింది నేనేరా. గుర్రాలు లెక్కపెట్టాను. తూచలేదు."

ఆ ఒక్క మాటతో నా కోపం కాళ్లూ చేతులూ ఆడక నిలబడిపోయింది. మధ్యాహ్నందాకా ఇద్దరం కలిసి మోటారు బిగించాం.

నెలాఖరు రోజు ఉదయం పడవ నీళ్లలో దిగింది. హోటలాయన పొడవు కొలిచే టేపుతో హాజరయ్యాడు. అత్తయ్య వచ్చి కాస్త దూరంగా నిలబడింది. మావయ్య నా చేతిలో తాళంచెవి పెట్టి, "బాగా నడుపు" అన్నాడు.

నేను ప్రాణం పెట్టి నడిపాను. అదే బాధ. మలుపులో పడవ పక్కకి ఒరిగింది, తిన్నగా పోనిస్తే ముక్కు ఎగిరి ఎగిరి పడింది. నేను బాగా నడపలేనన్న విషయం కూడా మావయ్య లెక్కలో ఉండే ఉంటుందని ఇప్పుడు నా అనుమానం. ఒడ్డుకి దగ్గరగా వచ్చేసరికి అత్తయ్య చెప్పులు విడిచి మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది.

"కప్పలా గెంతిస్తావేంట్రా! మోటారు కొంచెం లోపలికి వంచి, వేగం అందుకున్నాక పైకి లేపాలి. ఆ బటన్ దేనికుందనుకున్నావు? జరుగు!"

"అత్తయ్యా, నీ నడుం..."

"నా నడుం సంగతి నాకు తెలుసు. జరగమంటుంటే!"

జరిగాను. ఆవిడ సీట్లో సర్దుకుని, ఒక్కసారి ఊపిరి పీల్చి, వేగం పెంచే పిడిని ముందుకు తోసింది. పడవ ముక్కు కొంచెమే ఎత్తి, వెంటనే దించేసింది. తర్వాత నీళ్లు కింద ఉన్నట్టే లేదు. బల్ల మీద అద్దంముక్క జారినట్టు జారాం. నేను చేతులు నొప్పెట్టేలా పట్టుకు కూర్చున్నాను. ఆవిడ ఒంటి చేత్తో తిప్పుతోంది.

సరస్సు నడిమధ్యలో నేను గొంతు చించుకుని అన్నాను. "ఇదంతా నీకోసమేట అత్తయ్యా! మావయ్య తూచిందంతా!"

"ఇప్పుడు తెలిసిందా నీకు?" ఆవిడ కూడా అరిచే చెప్పింది. "ఆపరేషన్ అయ్యాక మూడు కిలోలకి మించి ఎత్తొద్దన్నాడు డాక్టరు. నేనేమో రోగిష్టిదానిలా చూస్తే ఊరుకోను. మర్నాటి నుంచీ ఈయన కాటా మొదలుపెట్టాడు. నా సంచీ ఒక్కటే తూస్తే పట్టుబడిపోతాడు కదా, అందుకని ఊళ్లో సంచులన్నీ తూచాడు. 'షాపువాడు ఎక్కువ వేశాడోయ్' అని నా సంచిలోంచి సగం తీసి తన సంచిలో వేసుకునేవాడు. ఎక్కువ వేసే షాపువాడు ఎక్కడైనా ఉంటాడట్రా!"

ఇంట్లో బకెట్లు అంత చిన్నవెందుకో, మూకుళ్లు అంత పల్చనివెందుకో అప్పటికి నా మట్టిబుర్రకెక్కింది.

"మరి నీకు తెలుసని చెప్పలేదేం?"

"చెప్తే సిగ్గుపడి మానేస్తాడు. అప్పుడు సంచులు నేను మొయ్యాలి."

అలా అని పెద్దగా నవ్వి, పడవని ఒక్క తిప్పు తిప్పింది. నీళ్లు గొడుగులా లేచాయి. అంత నవ్వు ఆవిడ దగ్గర ఉందని నాకప్పటిదాకా తెలీదు.

ఒడ్డు చేరేసరికి మావయ్య నడుం లోతు నీళ్లలోకి వచ్చేసి ఉన్నాడు. ప్యాంటు తడుస్తోందన్న ధ్యాస లేదు. పడవ అంచు పట్టుకుని, అత్తయ్య మొహంలోకి చూశాడు. ఏదో అడగబోయాడు. అడగలేకపోయాడు.

"మోటారు ఎలా ఉందోయ్?"

అత్తయ్య తాళంచెవి తిప్పి ఆపేసింది. తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"నొప్పేం లేదు," అంది.

మావయ్య రెండుసార్లు తల ఊపాడు. తర్వాత ఒడ్డు మీద టేపు పట్టుకుని ఎదురుచూస్తున్న హోటలాయన వైపు తిరిగి, ఎక్కడా తడబడకుండా చెప్పాడు.

"మోటారు బాగానే ఉందటండీ."