ప్రార్థనకు పరిచింది కాదు

మా చర్చిలో ఈ కథ ఎవరు చెప్పినా ఒకేలా మొదలవుతుంది. "బొంత కోసం ప్రార్థన ఆపించింది ఆవిడ." ఆ తర్వాత చెప్పేవాళ్ల ఓపికను బట్టి పెరుగుతుంది. క్యారల్స్‌కి వచ్చినవాళ్లు కూర్చోకూడదని నేలంతా పిన్నీసులు పరిచానని కొందరంటారు. సంఘపెద్ద చేతిలోంచి టీ కప్పు లాక్కున్నానని కొందరంటారు. ఆ క్రిస్మస్‌కి ఇంట్లో ఒక్క అరిసె కూడా వండలేదని అందరూ అంటారు. వీటిలో అరిసెల సంగతి నిజం. ప్రార్థన ఆపించిన మాటా నిజమే అనుకోండి, కానీ కథ అక్కడ మొదలవ్వలేదు. మొదలు వదిలేసి చెప్తే ఏ కథలోనైనా గట్టిగా అరిచినవాళ్లదే తప్పవుతుంది.

మేముండేది అమెరికాలో, హెర్న్‌డన్‌లో, వరసగా అతికించినట్టుండే టౌన్‌హౌసుల్లో ఒకటి. మా గోడకి అవతల ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. అమెరికావిడ, రిటైరైన స్కూల్ టీచరు. ఆవిడ పార్సిల్ ఒకటి పొరపాటున మా గుమ్మంలో పెట్టిపోతే ఇవ్వడానికి వెళ్లాను. సోఫా మీద పరిచిన క్విల్ట్ చూసి, మా వైపు వీటిని బొంతలంటాం, పాత చీరలు పొరలుగా వేసి కుడతాం అన్నాను.

"అయితే నీకు కుట్టడం వచ్చన్నమాట."

"రాదు."

"మరి వచ్చినదానిలా చెప్తావేం?"

ఆవిడ నాకు అక్కడే నచ్చింది. ఈ దేశంలో ఏం చూపించినా ముందు "లవ్లీ" అంటారు. ఆవిడ ఎప్పుడూ అనలేదు. కొన్నేళ్లపాటు శనివారాలు ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ముక్కలు కోయడం, అతకడం, మూలకి మూల కలపడం నేర్చుకున్నాను. మూల కలవకపోతే కుట్టు విప్పించేది. విప్పుతుంటే పక్కన కూర్చుని కాఫీ తాగేది. క్రాస్ స్టిచ్ మాత్రం నాకు ముందే వచ్చు, మిషన్ హాస్టల్లో టీచరమ్మ నేర్పింది. ఆవిడా విప్పించేదే.

ఈ గొడవ జరిగిన ఏడాదికి పక్కింటావిడ చేతులు వణకడం మొదలైంది. అప్పటికే ఒక పెద్ద క్విల్ట్‌కి పైభాగం అంతా అతికి పెట్టుకుంది. ఎర్ర ముక్కలు, మధ్యలో తెల్లవి. దాని కింద దూది పొర, ఆ కింద అడుగు గుడ్డ వేసి మూడూ కలిపి కుడితేనే అది క్విల్ట్. ఆ కుట్టు ఇక ఆవిడ వల్ల కాదు. అదే తన ఆఖరిదని ఆవిడే చెప్పింది, వాతావరణం గురించి చెప్పినట్టు. డబ్బు తీసుకుని పెద్ద మెషిన్ మీద కుట్టిపెట్టేవాళ్లు ఉన్నారు కదా అంటే, "వాళ్లకి నేనెవరో తెలీదు. నేను తిట్టి నేర్పిన చెయ్యి ఒక్కటే ఉంది" అంది. వసంతానికి ఇద్దువుగాని అని నాకిచ్చింది. నవంబర్లో ఇల్లు అమ్మకానికి పెడితే అనుకున్నదానికంటే తొందరగా అమ్ముడుపోయింది. అరిజోనాలో కూతురి దగ్గరికి క్రిస్మస్‌కి ముందే వెళ్లిపోవాలి. క్విల్ట్ తనతో కారులో రావాలంది. పార్సిల్‌లో పంపిస్తానంటే ఒప్పుకోలేదు.

ఇక్కడ నా మీద ఇంకో మాట ఉంది: "అన్ని పనులు నెత్తినేసుకోమని ఎవరన్నారు?" ఎవరన్నారంటే, అన్నవాళ్లే అన్నారు. పాస్టరుగారు నిలబడి వాక్యం చెప్పే పుల్పిట్ మీద వేసే గుడ్డకి క్రాస్ స్టిచ్‌లో నక్షత్రం, దీపాలు కుట్టివ్వమని ఆగస్టులో అడిగింది స్త్రీల సమాజం. పండక్కి ముందే సంఘమంతా చేసుకునే సెమీ క్రిస్మస్‌కి జంతికలు, కేకు నా వంతు అని రాసుకుంది కూడా వాళ్లే. క్యారల్స్ రౌండ్స్‌లో మా ఇల్లు ఆఖరిది, కాబట్టి ఆఖర్న అందరికీ టీ, టిఫిను మా ఇంట్లోనే. ఇవి కాక ఆఫీసు.

క్రాస్ స్టిచ్ చిల్లర సమయంతో అయిపోతుంది. కెమెరా ఆపేసిన మీటింగుల్లో కొంత, డెంటిస్టు దగ్గర కొంత, కేకు ఓవెన్‌లో ఉండగా కొంత కుట్టి, పుల్పిట్ గుడ్డ థాంక్స్‌గివింగ్ వారంలోనే ఇచ్చేశాను. క్విల్ట్ అలా కాదు. మూడు పొరలూ ముడత లేకుండా నేల మీద పరిచి, మధ్య నుంచి అంచులకి పిన్నీసులు పెట్టుకుంటూ రావాలి. దానికి ఖాళీ నేల కావాలి, ఖాళీ పూట కావాలి. టౌన్‌హౌసులో ఆ రెండూ ఉండవు. ఒక శనివారం సాయంత్రం క్యారల్స్ వాళ్లు వచ్చేలోపు ఈ పని అయిపోతుందని లెక్కేసుకుని, సోఫాలు గోడకి జరిపి, హాల్లో అడుగు గుడ్డని టేపుతో నేలకి అతికించాను. దూది పొర వేశాను. పైభాగం పరిచాను. సగం పిన్నీసులు పెట్టి, ఇంకో డబ్బా కోసం మేడమీదికెళ్లాను.

మాకంటే ముందు వెళ్లాల్సిన ఇంట్లో పిల్లలకి జ్వరమట. అందుకని బృందం నేరుగా మా ఇంటికొచ్చేసింది. తలుపు తీసింది మా ఆయన.

నేను మెట్లు దిగేసరికి అందరూ కూర్చుని ఉన్నారు.

మనవాళ్లలో హాల్లో ఏదైనా పరిచి కనిపిస్తే అది ప్రార్థనకే. ఊళ్లో అయితే జంపఖానా, ఇక్కడైతే దుప్పటి. ఎవరూ అడగరు, చెప్పులు విప్పి కూర్చుంటారు. అది నేనూ ఎరుగుదును, ఎన్నో ఇళ్లలో అలాగే కూర్చున్నాను. కాబట్టి కూర్చున్నందుకు ఎవర్నీ ఏమీ అనలేదు. ఇది రాసుకోండి, ఎందుకంటే ఎవరూ చెప్పరు. "కూర్చోండి, కూర్చోండి" అని చెయ్యి చూపించిన మా ఆయన్ని మాత్రం అన్నాను. ఆయన్ని అనడానికి నాకు హక్కుంది.

"ఏం వదినా, మాకోసం ఎంత చక్కగా పరిచావు! మెత్తగా పరుపులా ఉంది" అంది ఒకావిడ సరిగ్గా మధ్యలో బాసింపట్టు వేసుకుని.

"వదినా, అది కూర్చునేది..." అనబోయాను. గిటార్ మొదలైంది. పాట మొదలయ్యాక ఎవరు వింటారు? పాట అయ్యేసరికి మా ఆయన ఫ్లాస్కులో టీ కాగితం కప్పుల్లో పోసి పంచేశాడు. ఇంత చురుకుతనం ఆయనలో పెళ్లయ్యాక చూడలేదు.

సంఘపెద్ద తన కప్పుని మోకాలి పక్కన, తెల్ల ముక్క మీద పెట్టుకున్నాడు.

"అన్నయ్యగారూ, ఆ కప్పు ఇలా ఇవ్వండి."

"ముందు ప్రార్థన చేసుకుందాం సిస్టర్" అని చెయ్యెత్తి కళ్లు మూసుకున్నాడు. అందరూ మూసుకున్నారు.

ఆయన ప్రార్థన తెలిసినవాళ్లకి తెలుసు. మా కుటుంబంతో మొదలై, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న వారందరినీ కలుపుకుని, ఉద్యోగాలు పోయినవారిని పలకరించి, రెండు దేశాల పాలకుల దగ్గరికి చేరింది. ఒక్కో విన్నపానికీ చెయ్యి ఊపుతాడు. నేను కళ్లు తెరిచే ఉన్నాను. "నువ్వెందుకు తెరిచావు?" అని తర్వాత నన్ను చాలామంది అడిగారు. ఎందుకంటే, కప్పు కనిపించాలంటే తెరవాలి.

పాలకుల దగ్గర చెయ్యి కాస్త కిందికి ఊగింది. కప్పు వంగింది.

"అన్నయ్యగారూ, టీ!" అన్నాను. మామూలు గొంతుతోనే అన్నాను.

"స్తోత్రం" అన్నారు ఎవరో.

అప్పుడన్నాను: "లేవండి. అందరూ లేవండి." ఈసారి మామూలు గొంతు కాదు. పక్క గోడ అవతలికి కూడా వినపడి ఉంటుంది.

లేచారు. కొంతమంది కళ్లు మూసుకునే లేచారు. ఆ మధ్యలో కూర్చున్నావిడ, "అయ్యో, ఆమెన్ కూడా అననివ్వలేదే" అంది. నేను మోకాళ్ల మీద కూర్చుని చీరచెంగుతో టీ అద్దుతున్నాను. పండగ చీర. ఆ చీర సంగతి ఎవరి కథలోనూ లేదు.

వాళ్లు టిఫిను తినకుండానే వెళ్లిపోయారు. మా ఆయన గుమ్మం దాకా వెళ్లి సారీలు చెప్పి వచ్చి, అలసటగా క్విల్ట్ అంచున కూలబడి, వెంటనే లేచాడు. మూయకుండా మిగిలిన పిన్నీసు ఆ హాల్లో అదొక్కటే. అంతమందిలో ఆయనకే దొరికింది.

"కాస్త మెల్లగా చెప్పాల్సింది నువ్వు" అన్నాడు అక్కడ రుద్దుకుంటూ.

"మెల్లగా చెప్తే స్తోత్రం అన్నారు."

"ఇది మనది కాదు, పక్కింటావిడది అంటే అర్థం చేసుకునేవాళ్లు కదా?"

"మనదైతే టీ పోయొచ్చా?"

టిఫిను ఆయనే తిన్నాడు, రెండు రోజులు.

మరక తెల్ల ముక్కలో అరచేయంత. పొరలు కలిపి కుట్టకుండా నీళ్లలో ముంచితే అంచులు పీచులొస్తాయి. ఎర్ర రంగు దిగితే తెల్లదంతా గులాబీ అవుతుంది. అందుకని ముంచలేదు. పొద్దున్నే పక్కింటికెళ్లాను. ఆవిడ అట్టపెట్టెల మధ్య కూర్చుని గిన్నెలకి కాగితం చుట్టుకుంటోంది.

"నీ క్విల్ట్ మీద టీ పడింది."

"ఎంత?"

"అరకప్పు."

"పాలు పోసిందా?"

"పాలు పోయకపోతే మేం దాన్ని టీ అనం."

"అయితే అందులో కొవ్వుంది. గిన్నెలు తోమే సబ్బు, చన్నీళ్లు, గుడ్డతో అద్దు. రుద్దకు." చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "ఎవరు పోశారు?"

చెప్పాను. హాల్లో ఎంతమంది కూర్చున్నారో, ఎంతసేపు కూర్చున్నారో అంతా చెప్పాను. ఇప్పుడు తిడుతుంది అనుకున్నాను. తిట్టలేదు.

"అంతమంది ఎక్కి కూర్చున్నారా? నా కుట్లేమైనా ఊడాయా?"

"ఒక్కటీ ఊడలేదు."

"ఊడవు" అని మళ్లీ గిన్నె అందుకుంది. "గురువారం బయల్దేరుతున్నాను. కావాలి నాకది."

ఇక మిగిలింది గురువారం లోపల ఆ కుట్టంతా వెయ్యడం. ఆఫీసుకి సెలవు పెట్టాను. అరిసెల పిండి పట్టలేదు, ఇండియన్ స్టోర్‌లో డబ్బా కొనుక్కొచ్చాం. సెమీ క్రిస్మస్‌కి జంతికలు పంపలేదు, కేకు ఒక్కటే పంపాను. వెళ్లలేదు. క్రిస్మస్ చెట్టు మా ఆయన ఒక్కడే పెట్టి, నక్షత్రం వంకరగా తగిలించాడు. చూసి ఊరుకున్నాను. మామూలు కుట్టుమెషిన్‌లో అంత పెద్ద క్విల్ట్‌ని చుట్ట చుట్టి భుజాన వేసుకుని, తిన్నటి గీతలు ఒక్కొక్కటే కుట్టుకుంటూ పోయాను. మరక తేలిపోయి లేత గోధుమరంగు అయింది. దాని మీదుగా కూడా గీతలు వెళ్లాయి. వెనక మూలలో వేసే చిన్న గుడ్డ మీద పక్కింటావిడ తన పేరూ, సంవత్సరమూ క్రాస్ స్టిచ్‌తో కుట్టమంది. నీ పేరు కూడా వేస్కో అంది. వేసుకోలేదు.

ఈ మధ్యలో పాస్టరమ్మగారు వచ్చారు. మంచి మనిషి. మెషిన్ పక్కన కుర్చీలో కూర్చుని, గుడ్డ మీద చెయ్యేసి, "బావుందమ్మా" అన్నారు. అసలు మాటకి కాసేపు పట్టింది.

"అన్నయ్యగారు నొచ్చుకున్నారు. పండగ కదా, ఒక్క మాట సారీ అంటే అయిపోతుంది."

"ఆయన పక్కింటావిడకి చెప్తే, నేను ఆయనకి చెప్తాను."

"ఆయనకి ఆవిడెవరో తెలీదు కదమ్మా."

"తెలుసుకోడానికి పెద్ద దూరం లేదు. ఈ గోడే."

ఆవిడ నవ్వారు గానీ, మాట మార్చలేదు. నేనూ మార్చలేదు. వెళ్తూ, "నీతో పెట్టుకోవడం కష్టం" అన్నారు. ఇందులో నాకు అభ్యంతరం లేదు.

గురువారం పొద్దున క్విల్ట్ తీసుకెళ్లాను. ఖాళీ అయిపోయిన హాల్లో ఇద్దరం చెరో వైపు పట్టుకుని పరిచాం. ఆవిడ వణికే వేలితో గీతల వెంట వెళ్లి ఒకచోట ఆగింది.

"ఇక్కడ తొందరపడ్డావు."

"పడ్డాను."

"మరక ఇదేనా?"

"అదే."

"మూడు ఉతుకులకి పోతుంది" అంది. విప్పమనలేదు. తీసుకెళ్లడానికి వచ్చిన కూతురు కారు స్టార్ట్ చేసేసరికి మడిచి ఒళ్లో పెట్టుకుంది. వీధి మలుపు దాకా చూసి లోపలికొచ్చాను. ఆ ఇంట్లోకి జనవరిలో ఎవరో కుర్ర జంట దిగారు. వాళ్లు ఏది చూసినా లవ్లీ అంటారు.

క్రిస్మస్ ఆరాధనకి వెళ్లాను. ఎందుకు వెళ్లనూ? నేను కుట్టిన నక్షత్రం పుల్పిట్ మీదే ఉంది. దాని వెనక నిలబడి సంఘపెద్ద సాక్ష్యం చెప్పాడు. ఈ ఏడాది ఒకానొక గృహంలో ప్రార్థనకి ఆటంకం కలిగినా తాము కోపగించుకోలేదన్నాడు. "ఒకానొక గృహం" అనగానే ముందు వరసలో తలలు నా వైపు తిరిగాయి. నేను పాటల పుస్తకం చూసుకున్నాను.

తర్వాత కింద హాల్లో బిర్యానీ దగ్గర ఆయన భార్య నా పక్కన నిలబడింది. ఆవిడకి నా మీద కోపం లేదు, మాట్లాడ్డానికి ఎవరో ఒకరు కావాలి.

"పోనీలే వదినా, జరిగిందేదో జరిగింది. ఒకటి మాత్రం దేవుడి కృప. ఆ రోజు ఈయన కొత్త ప్యాంటు, క్రీమ్ కలర్, పండగకి కొన్నది. తొందరపడి ముందే వేసుకున్నారు. ఇంటికొచ్చి చూస్తే ఒక్క చుక్క పడలేదు!"

ఆమె ఇంకేదో చెప్తోంది. నేను ప్లేటు పట్టుకుని ఆ సాయంత్రం మోకాలినీ కప్పునీ మళ్లీ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాను. మోకాలికి ఆనించి పెట్టిన కప్పు. మోకాలి వైపే వంగింది, అది నేను చూశాను. ఆ తర్వాత నేను చూసింది క్విల్టునే గానీ ఆయన్ని కాదు. మరక మాత్రం ఆయన మోకాలు ఉన్న చోటే ఉంది, అద్దింది నేనే కదా.

ఆమెని అడగలేదు, పాపం ఆమెకేం తెలుసు. పాస్టరమ్మగారిని అడిగితే "వదిలెయ్యమ్మా" అన్నారు. మా ఆయన్ని అడిగితే నవ్వి, చర్చిలో అడక్కు అన్నాడు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను, ఎవరు చెప్పినా సరే: రెండు కళ్లూ గట్టిగా మూసుకుని దేశాల కోసం ప్రార్థిస్తున్న మనిషి మోకాలు, టీ రావడానికి ముందే పక్కకి ఎలా జరిగింది?