సుశీలమ్మ వేయనా, కారు కొన్నా వేయనా?

చదరంగంలో నల్ల పావులతో ఆడే మా తాతయ్యను ఓడించిన మొనగాడు ఈ భూమ్మీద లేడు. ఎలా ఉంటాడు? తాతయ్య మొదటి ఎత్తు వేసేలోపు ఎదుటివాడికి తల నెరిసిపోతుంది.

తెల్ల పావులు ఇస్తే పుచ్చుకోడు. "ముందు వాణ్ణి నోరు విప్పనివ్వాలి. అప్పుడు కదా మనం జవాబు చెప్పేది!" అంటాడు. ఆ జవాబు దగ్గరే తంటా. తాతయ్య గడియారాలు బాగుచేస్తాడు. "ఊళ్లో గడియారాలన్నీ నడిపిస్తాడు, తన బంటును మాత్రం నడపలేడు" అని నానమ్మ దెప్పుతుంది.

ఎవరో చదివి వినిపించిన చదరంగం పుస్తకంలోంచి, తెల్లవాడి మొదటి ఎత్తుకు జవాబుగా వేసే మూడు డిఫెన్సుల పేర్లు పట్టుకున్నాడు. సిసిలియన్, కారో-కాన్, ఫ్రెంచ్. తాతయ్య నోట్లో పడి అవి సుశీలమ్మ, కారు కొన్నా, బెంచీ అయ్యాయి. నేను దిద్దబోతే, "నీకు అర్థమైందిగా? ఇక నోర్మూసుకో" అన్నాడు.

మొన్న ఎదురింటి వడ్రంగి భార్యను కాన్పుకు ఆసుపత్రికి తీసుకెళ్లారు. తాతయ్యా నేనూ తోడు వెళ్లాం. బిడ్డ అడ్డం తిరిగిందని ఆపరేషన్ గదిలోకి మార్చారు. వడ్రంగి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఒక చేతి గోళ్లు కొరికేసి రెండో చేతికి వచ్చాడు. తాతయ్య అతన్ని బెంచీ మీద కూలేసి, సంచిలోంచి చదరంగం అట్ట తీసి పరిచాడు.

"ఇప్పుడు ఆటేంటి బాబాయ్!"

"ఒక్క ఎత్తు వెయ్యరా, చాలు."

వడ్రంగి విసుగ్గా రాజు ముందున్న బంటును రెండు గళ్లు తోశాడు. తాతయ్య గడ్డం నిమిరాడు.

"సుశీలమ్మ వేయనా, కారు కొన్నా వేయనా?"

"ఏదో ఒకటి తగలెయ్!"

"సుశీలమ్మది మరీ దూకుడురా. పోనీ బెంచీ వేద్దామంటే, శకటు లోపలే ఇరుక్కుంటుంది."

"అయితే కారు కొను!"

తాతయ్య ఒక బంటును ఎత్తాడు, చూశాడు, మళ్లీ పెట్టేశాడు.

"ముట్టుకున్నావ్! ఆడాల్సిందే!"

"ముట్టుకోలేదు. దుమ్ము దులిపా."

"దొంగాట!" అని వడ్రంగి లేచాడు. ఆ గొడవ గంట నడిచింది. నర్సు తలుపు తీసి, "ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం" అనేసరికి అతను ఇంకా తాతయ్య చేతిలోని బంటునే లాక్కుంటున్నాడు. విన్నవాడు విన్నట్టే అట్ట మీద కూలబడ్డాడు. పావులన్నీ చెల్లాచెదురు.

ఇంటికి వస్తూ అడిగాను. "నిజం చెప్పు తాతయ్యా, నీకు ఎన్ని డిఫెన్సులు వచ్చు?"

"ఒక్కటే."

"మరి గంటసేపు ఏం ఆలోచించావ్?"

"వాడికి ఒక చేతి గోళ్లయినా మిగిలాయిగా."

నాకు ఒళ్లు మండింది. "మరి నా పదో తరగతి ఫలితాల రోజు నేను వణికిపోతుంటే, రెండు నిమిషాల్లో నా ఆట కట్టేశావేం?"

"నువ్వు తప్పుతావని తెలిసిందేగా. ఇంక దేనికే ఆలస్యం?"